ఖాళీ ట్రేలో రొట్టె

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఫోన్లో అయితే ‘డ్రైవింగులో ఉన్నా’ అని సగంలో పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నాను. నీ లారీలోంచి దించిన బ్రెడ్డు ట్రేలను ఏటి మీది కాలివంతెన దాటించి మా గట్టుకి మోసుకొచ్చే కూలీలే, ఖాళీ ట్రేలతో పాటు ఈ ఉత్తరాన్నీ నీకు అందిస్తారు.

బట్టీ పూర్తయింది. భూకంపంలో నాన్న పోయిన చోటే, నాన్న కట్టిన కొలతలతోనే కట్టాను. ఇటుకలు కొనలేదు. వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ తమ శిథిలాల్లోంచి ఏరి తెచ్చిచ్చారు. దర్జీ బాబాయి తెచ్చినవాటికి వాళ్ళ వంటింటి నీలం రంగు ఇంకా అలాగే ఉంది. కొత్త బట్టీలో ఒక్కసారే పెద్ద మంట పెడితే పగిలిపోతుందని నాన్న అనేవాడు, గుర్తుందా? చిన్న చిన్న మంటలతో ఆరబెడుతూ వచ్చాను. ‘ఈ సేవలో సగం నాకు చేసినా బాగుపడేవాణ్ణి’ అని మీ బావ ఒకటే సణుగుడు.

నిన్న మొదటి వాయి తీశాను. ఒక్కటీ అమ్ముడుపోలేదు. వీధి చివర మీ విదేశీ సాయం వాళ్ళ బ్రెడ్డు ఊరికే పంచుతుంటే, డబ్బిచ్చి నా రొట్టె ఎవరు కొంటారు?

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మీ పెద్దాఫీసరు, అదే ఆ పొడుగమ్మ, మంచిదని నువ్వే అన్నావు. ఆవిడ చెవిన ఒక్క మాట వెయ్యి. మాకు బ్రెడ్డు ఆపి పిండి పంపమను. కాల్చుకోవడం మాకు వచ్చు.

ఖాళీ ట్రేలో ఒక రొట్టె పెట్టాను. తిను.

నీ మంచి కోరే కోపిష్టి
అక్క

*

ప్రియమైన అక్కకి,

రొట్టె అందింది.

నువ్వడిగిన పని నా వల్ల కాదు. భూకంపం తర్వాత మీకోసం మొదటి లారీ తోలుకొచ్చింది నేనే. ఏటికి అవతల నిలబడి మీరంతా నన్ను చూసి ఏడ్చారు. ఆ రోజు పెట్టిన చేతిని ఈ రోజు వద్దంటే, రేపు ఇళ్ళకి రావలసిన సిమెంటు కూడా ఇంకో ఊరికి పోతుంది. అప్పుడు వీధంతా నీ ఇంటి మీదికి వస్తారు.

ఇంకో సంగతి. ఈ దారిలో రోజూ తిరిగేది నా లారీ ఒక్కటే. పిండైతే నెలకోసారి ఆఫీసు పెద్ద లారీలో వచ్చేస్తుంది. బ్రెడ్డు అక్కర్లేకపోతే లారీ అక్కర్లేదు, లారీ అక్కర్లేకపోతే నేను అక్కర్లేదు. నాకు నెల తిరిగేసరికి జీతం రావడం ఇదే మొదటిసారని నీకు తెలుసు. చంటిపిల్లాణ్ణి వేసుకుని నీ మరదలు ఇంకా గుడారంలోనే ఉంది. సొంత అక్కవై ఉండి నా పొట్ట మీద కొట్టకు.

ఇట్లు,
తమ్ముడు

*

తమ్ముడికి,

పొట్ట మీద కొట్టకు అన్నావు. ఆ మాట చదివాక నాకు ముద్ద దిగలేదు. అయినా రాస్తున్నాను.

ఆ మొదటి లారీని నేను మర్చిపోలేదు. ఆ రోజు నువ్వు బ్రెడ్డు తేకపోతే ఈ ఉత్తరం రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు. కానీ అది దెబ్బకి కట్టిన కట్టురా. గాయం మానాక కూడా విప్పకపోతే చెయ్యి ఎండిపోతుంది. ఏడాది దాటింది. మా వీధిలో ఇంతవరకూ ఒక్క కొట్టు తెరుచుకోలేదు.

నిన్న దర్జీ బాబాయి బట్టీ దగ్గర చలి కాచుకుని, చంకలో బ్రెడ్డు ప్యాకెట్టుతో లేచాడు. “ఏం బాబాయ్, నీ ఇటుకల్లో కాల్చిన రొట్టె నీకే చేదా?” అన్నాను. “అది కాదమ్మా, ఒక్కసారి వద్దంటే మళ్ళీ అడిగినా ఇవ్వరేమోనని భయం” అన్నాడు. కడుపు నిండినా ఆ భయం తీరక అందరూ వరసలో నిలబడుతున్నారు.

నువ్వు చెప్పకపోతే నేనే వస్తాను. పొడుగమ్మ ఆ గట్టుకి ఎప్పుడొస్తుందో అదైనా రాయి. అందాకా రోజూ బట్టీ వెలిగిస్తాను. కొనేవాళ్ళు లేకపోతే నేనూ మీ బావా తింటాం. ఆయనకి ఇప్పటికే చొక్కా గుండీలు పట్టడం లేదు.

నీ మీద కోపమున్నా ప్రేమ చావని
అక్క

*

అక్కకి,

రావద్దు. పొడుగమ్మకి నీతో మాట్లాడే తీరిక లేదు. ఈ ఊసు మళ్ళీ ఎత్తకు.

ఉన్న మాట చెబుతున్నాను, కష్టపెట్టుకోకు. వీధికంతా రోజూ రొట్టె కాల్చడం నాన్నకి చెల్లింది. నీ వల్ల అయ్యే పని కాదు. నాలుగు రోజులు చేసి చతికిలబడతావు.

బుజ్జిగాడికి పళ్ళొస్తున్నాయి, ఏది దొరికితే అది కొరుకుతున్నాడు. ఖాళీ ట్రేలో రొట్టె మాత్రం రోజూ పెడుతూ ఉండు.

తమ్ముడు

*

ఏరా తమ్ముడూ,

నా వల్ల కాదన్నావు కదా, ఇప్పుడు విను.

మొన్నామధ్య నీ పొడుగమ్మ దుబాసీ అమ్మాయిని వెంటేసుకుని, కాలివంతెన దాటి తనే మా వీధికి వచ్చింది. వంగి బట్టీలోకి తొంగిచూసింది. “నీకు జ్వరమొస్తే?” అని అడిగించింది. మా ఆయనకి నేర్పానన్నాను. “బట్టీ కూలితే?” అంది. “మళ్ళీ కడతాం. ఇటుకలకేం కరువు, వీధంతా పడున్నాయి” అన్నాను. దుబాసీ అమ్మాయి ఆ మాట చెప్పేసరికి ఆవిడ నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుంది.

ఒక వారం బ్రెడ్డు ఆపి పిండి పంపుతానంది. ఆ బస్తాలు దించింది నువ్వే, అంతవరకూ నీకు తెలుసు. మొదటి రోజు జనం అలవాటు కొద్దీ వీధి చివర వరస కట్టి, రాని బ్రెడ్డు కోసం నిలబడ్డారు. నేను నడిరోడ్డు మీదికి వెళ్ళి అరిచాను. “పిండి సాయానిది, కాల్పు నాది. కట్టెల ఖర్చు ఇస్తే చాలు. రండి!” అన్నాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు దర్జీ బాబాయి వరసలోంచి బయటికొచ్చి, “నా వంటింట్లో కాలిన రొట్టె నేను తినకపోతే ఎలా?” అంటూ నా వెనకే వచ్చాడు. ఆ తర్వాత వాయి మీద వాయి. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్క రోజూ తప్పలేదు తమ్ముడూ.

నిన్న పొడుగమ్మ మళ్ళీ వచ్చింది. పంటదాకా పిండి పంపుతామని, బ్రెడ్డు ఇంక రాదని చెప్పింది. నాకు సంతోషం పొంగింది, వెంటనే భయమేసింది. “మరి మా తమ్ముడి లారీ?” అన్నాను. ఆవిడ రొట్టె తుంచి నోట్లో వేసుకుని, “ఇవాళ ఉప్పు తగ్గింది” అంది.

మా వీధికి ఆవిడ రావడం ఇది రెండోసారి. మొదటిసారి ముట్టనైనా లేదు. మామూలుగా నా రొట్టెలో ఉప్పు ఎంతుంటుందో ఆవిడకి ఎలా తెలుసు? దాచకుండా రాయి.

అక్క

*

ప్రియమైన అక్కకి,

దొరికిపోయాను.

నీ మొదటి రొట్టె అందిన రోజు నిజంగానే కోపంతో జవాబు రాశాను. రాసి, లారీలో కూర్చుని రొట్టె తుంచాను. నాన్న రొట్టె. ఏడ్చుకుంటూ సగం తిన్నాను. మిగతా సగం ఏం చెయ్యాలో తెలియక తీసుకెళ్ళి పొడుగమ్మ బల్ల మీద పెట్టాను. ఇది ఎక్కడిదని అడిగింది. అంతా చెప్పేశాను. మర్నాడు ‘ఇవాళ్టిది ఏదీ?’ అంది. అప్పటి నుంచి నువ్వు పెట్టిన ప్రతి రొట్టెలో సగం ఆవిడకి, సగం బుజ్జిగాడికి. ఒకసారి పెట్టడం ఎవరికైనా సాధ్యమే, రోజూ పెడుతుందో లేదో చూస్తానంది. నువ్వు పెట్టావు.

‘ఇది జరిగితే నీ లారీకి పనుండదు, తెలుసా?’ అని ఆవిడ ముందే అడిగింది. తెలుసన్నాను.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే నా ఉద్యోగం కోసం ఆ రోజే బట్టీ ఆర్పేసేదానివి. నాకోసం నువ్వు ఏదైనా ఆర్పేస్తావు. అదే ‘నీ వల్ల కాదు’ అంటే మాత్రం రెండింతలు చేస్తావు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కదా. ఆ మాట రాయడానికి నాకు చెయ్యాడలేదు. క్షమించు.

నిన్న లారీ తాళాలు ఇచ్చేశాను. జాలి పడకు, నాకు చెడ్డ చిరాకు. ఎల్లుండి నీ మరదలితో, పిల్లాడితో వంతెన దాటి వస్తున్నాం. కొండ పక్క వీధులకి నీ రొట్టె ఇంకా అందడం లేదట. బావ తోపుడుబండి ఖాళీగా ఉందిగా, అది నాకివ్వు. మోసే పని నాకు వచ్చు.

మేం వచ్చేసరికి బట్టీ వేడిగా ఉండాలి. ఉప్పు చూసి వెయ్యి.

ఎల్లుండి నుంచి నీ దగ్గర పనివాడు,
తమ్ముడు