గుంటలో వేపకొమ్మ

మున్సిపల్ ఆఫీసులో ఆన్‌లైన్ ఫిర్యాదులు చూసే ప్రశాంతి మేడం గారికి,

చర్చి వీధి బాలశౌరి నమస్కారాలు. మా ఇంటి ముందు రోడ్డు మధ్యలో పడ్డ గుంటను మీ యాప్‌లో ఫోటోతో సహా పెట్టాను. మా అమ్మాయి నిరోష పురిటికి వచ్చింది. ఆటోవాళ్ళేమో "గుంట పూడ్చిందాకా మీ వీధికి రాం బాబాయ్" అంటున్నారు. నాకు చానా భయంగా ఉంది. త్వరగా పూడ్పించండి.

ఇట్లు,
బాలశౌరి

తా.క.: చీకట్లో ఎవరూ పడకుండా గుంటలో వేపకొమ్మ గుచ్చాను. ఫోటోలో కనపడేది అదే. గుంట దాని కింద ఉంది.

*

గౌరవనీయులైన బాలశౌరి గారికి,

మీ ఫోటోలో చెట్టు ఉన్నందున ఫిర్యాదును రోడ్ల విభాగం నుంచి మొక్కల విభాగానికి పంపాం. వారు వచ్చి చెట్టు చుట్టూ ఇనప కంచె కట్టారు. రోజూ ట్యాంకరుతో నీళ్ళు పోస్తారు. మీ సమస్య పరిష్కారమైంది.

భవదీయురాలు,
ప్రశాంతి

తా.క.: మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారో యాప్‌లో నొక్కండి.

*

అమ్మా ప్రశాంతీ,

మేడం అనే ఓపిక పోయింది. ఏందమ్మా ఇది? ఆ కొమ్మకు వేర్లే లేవు. ఇదివరకు గుంట పక్కనుంచి బైకన్నా పోయేది, ఇప్పుడు కంచెకు గుద్దుకుంటోంది. కంచె పీకబోతే మీ మొక్కల మనిషి వెంకటప్పయ్య "ప్రభుత్వ చెట్టు, ముట్టుకుంటే కేసవుద్ది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిరోషకు నేడో రేపో అన్నట్టుంది. మళ్ళీ ఫోటో పెట్టాను. ఈసారి మా ఆవిడ రాజమ్మ కంచెలోకి చెయ్యి పెట్టి గుంట చూపిస్తోంది.

ఇట్లు,
కోపంతో బాలశౌరి

తా.క.: రాజమ్మను ఏ విభాగానికీ పంపొద్దు. ఇంట్లో వంట చేసేవాళ్ళు లేరు.

*

గౌరవనీయులైన బాలశౌరి గారికి,

మీ రెండో ఫిర్యాదుపై రోడ్ల విభాగం స్పందించి నిన్న వీధంతా తారు వేసింది. చెట్టు తొలగించే అనుమతి లేనందున కంచె లోపలి భాగం మాత్రం వదిలేశారు.

భవదీయురాలు,
ప్రశాంతి

తా.క.: ఇంత ఎండల్లో మొక్క మొదట్లో మట్టి సర్దుతున్న మీ శ్రీమతి గారికి పర్యావరణ దినోత్సవాన శాలువా కప్పాలని నిర్ణయించాం.

*

చిరంజీవి ప్రశాంతికి,

ఆశీస్సులు. మొన్న నిరోషకు నొప్పులొస్తే ఆటో కొత్త రోడ్డు మీద కంచె దాకా వచ్చింది. ప్రభువు దయవల్ల ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. నా గుండె ఇప్పటికి కుదుటపడింది.

ఇక గుంట సంగతి. దయచేసి పూడ్చొద్దు. మా వీధికి కుళాయి నీళ్ళు ఏనాడూ సరిగా రాలేదు. ఇప్పుడు రోజూ ట్యాంకరు వస్తోంది. వెంకటప్పయ్య కొమ్మకు ఓ చెంబెడు పోసి, మిగతావి మా బిందెల్లో నింపుతున్నాడు. నా ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. స్టార్లు ఎన్నున్నాయో అన్నీ నొక్కాను.

ఇట్లు,
మీ బాలశౌరి

తా.క.: వెనక వీధివాళ్ళు పొద్దుట్నుంచీ గుంట తవ్వుతున్నారు. ఫోటో వస్తే కాస్త త్వరగా చూడమ్మా.