ఒంటి మీద ఇనుము

ఫిబ్రవరి 3
పొద్దున్నే ఆయన వీడియో కాల్. ఆఫ్రికాలో శాంతి సేన క్యాంపు. వెనక ఇసుక మూటల గోడ... ఇసుక కాదట, బూడిద. ఊరి పక్కన పశువుల పేడ కాల్చీ కాల్చీ పెరిగిన దిబ్బ ఉంటే, జవాన్ల చేత తవ్వించి మూటలు కట్టించాడట. "మన సంగనకల్లు బూడిద దిబ్బ మాదిరే ఉండాది. మనోళ్ళు ఆ బూడిదను ఎరువని పొలాలకు తోలుకోలేదా ఏంది?"
సుబేదారు గారి తెలివి తెల్లారినట్టే ఉంది.

ఫిబ్రవరి 6
ఆ దిబ్బలో ఆ ఊరోళ్ళ పెద్దల సమాధులు ఉన్నాయట. మూటలోంచి ఎముక బయటపడింది. రాళ్ళు పడ్డాయి, ఒక జవాను తల పగిలింది. అత్తకు చెప్పలేదు.

ఫిబ్రవరి 7
క్యాంపు మీద పడ్డారు. ఈటెలు, తుపాకులు. వంటవాడి గొంతు కోశారు. ఈయన కాల్చాడు — ఇద్దరు పోయారు. ఒకడికి మీసం కూడా రాలేదట. "అన్నం ముందర కూచుంటే వాడే కనపడతాడు మే."
పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఫిబ్రవరి 9
అత్తకు తెలిసిపోయింది. "ఎవురి పెద్దోళ్ళనప్పా తవ్వినావు?" అని ఫోన్లోనే కొడుకును కడిగేసింది. పై ఆఫీసర్లు మాత్రం ఇంకా పెద్ద తుపాకులు పంపుతారట. దిబ్బ ఎత్తు మ్యాపులో రాసుకున్నారు, అది ఎవరిదో ఒక్కడూ అడగలేదు. ఒళ్ళు మండిపోతోంది.

ఫిబ్రవరి 11
మళ్ళీ కాల్పులు. గుడిసెలు తగలబడ్డాయి. చివరికి ఊరి పెద్ద కబురు — తవ్వించినవాడే రేపు నడిచొచ్చి బూడిద తిరిగి పోయాలి. ఒంటి మీద ఇనుము ఉండకూడదు. ఉంటే అక్కడే నరుకుతారు.
"తుపాకీ ఈడనే పెట్టి పోతా. ఉంగరమే..."
గుర్రపు నాడా ఇనుముతో చేయించిన ఉంగరం. పోయేటప్పుడు అత్త తొడిగి, తిరిగొచ్చేదాకా తియ్యనని తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. "అమ్మ తియ్యమంటేనే తీస్తా." ఇద్దరిని చంపినవాడికి అమ్మ మీద ఒట్టంటే భయం!

ఫిబ్రవరి 12
ఉంగరం తియ్యమని చెప్పడానికి అత్త పొద్దుటినుంచి ఒప్పుకోలేదు. ఆ ఉంగరమే ఇన్నాళ్ళూ కాపాడిందని ఆమె నమ్మకం. కాళ్ళు పట్టుకున్నాను. తిట్టాను కూడా. ఆఖరికి — "తియ్యమను. నా తల ఎట్ల పోతే అట్ల పోనీ."
ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ... స్విచాఫ్.
క్యాంపు నంబరుకు చేస్తే ఎవరో జవాను ఎత్తాడు. ఈయన అప్పటికే మూట భుజాన వేసుకుని గేటు దాటిపోయాడట. వేలికి ఉంగరం ఉందా అని అడిగాను. చెయ్యి మూట కింద ఉండింది, కనపడలేదు అన్నాడు.
ఏమన్నాడని అత్త అడుగుతోంది.