ఎల్లమ్మ చీర

డిసెంబర్ 14, ఆదివారం
రిజల్ట్ వచ్చింది. పాత సర్పంచ్ ఓడిపోయాడు, భీంరెడ్డి గెలిచాడు. మా మగ్గం మీద ఇంకా ఆకుపచ్చ గళ్ల చీరే ఉంది. బీచుపల్లి హనుమంతుడా.

డిసెంబర్ 15
గళ్ల చీరలు పాత సర్పంచ్ ఆర్డర్. ఆయన వైపు ఆడవాళ్లంతా అవే కట్టుకొని పోలింగ్ లైన్లో నిలబడ్డారు. నిన్న భీంరెడ్డి గెలుపు ఊరేగింపులో డీజే ముందు మా వదిన తిమ్మక్క కొంగు పట్టి లాగారట. ఇగ నీ గళ్లు ఎవలకు చూపిస్తవే ముసల్దానా అని నవ్వారట. ఆ చీరలన్నీ పెట్టెల అడుగుకు పోయాయి.
పక్క వీధి సవారన్న మగ్గం మీది పడుగు దారాలను భీంరెడ్డి మనుషులు కత్తెరతో కోసేశారు.

డిసెంబర్ 16
వాళ్లొచ్చి కోసుడెందుకు, మనమే తెంపుదాం అన్నాడు మా ఆయన. వద్దన్నాను. మా అత్త కాలం నుంచీ ఒక్కో పడుగు మీద నేసే చీరల్లో ఆఖరిది ఎల్లమ్మది. ఇప్పుడు మగ్గం మీదున్నది అదే. సగమైంది. అమ్మవారి చీర సగంలో తెంపితే...

డిసెంబర్ 17, పొద్దున
దీపం పెడుతుంటే తట్టింది. నిలువు చారలు పడుగులో ఉన్నాయి, వాటినేం చేయలేను. అడ్డం చారలు నా చేతిలోవి. ఆకుపచ్చ నూలు ఆపి తెల్లదే నేస్తే గళ్లు పడవు. నేసిన సగం ఎట్లాగూ లోపలికి చుట్టుకొని ఉంది.

మధ్యాహ్నం
వచ్చారు. ఒకడి చేతిలో కత్తెర. ముందు మా చిన్నమ్మ కొడుకు రాజు. అక్కా, ఇంకా గళ్లే నేస్తున్నవంట గదనే అన్నాడు. చూస్కో తమ్మీ, ఉత్త చారలే అన్నాను. చుట్టింది ఇప్పి చూపియ్ అన్నాడు కత్తెరవాడు. ఎల్లమ్మ చీర, తానం చేసి రాండ్రి, ఇప్పుత అన్నాను.
పొద్దుగాల నుంచి తాగుడే, తానమెక్కడిదిరా పాండ్రి అని రాజు వాళ్లను తోలుకుపోయాడు.
తలుపు వేసి మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాను.

డిసెంబర్ 21
చీర అయింది. సగం గళ్లు, సగం చారలు. గళ్లు లోపలికి పోయేటట్టు కట్టక్కా అని పూజారమ్మ లక్ష్మీదేవమ్మ చెవిలో చెప్పాను. సరే అంది.

డిసెంబర్ 23, మంగళవారం
భీంరెడ్డి ఎల్లమ్మ గుడికి కొబ్బరికాయ కొట్టడానికి వచ్చాడు. అమ్మవారి ఒంటి మీద గళ్లే పైకి ఉన్నాయి. చాలాసేపు చూసి, వంగి మొక్కాడు.
నేను చారలే పైకి కట్టిన, ఎల్లమ్మ తోడు అంటోంది లక్ష్మీదేవమ్మ.
సాయంత్రం తిమ్మక్క దండెం మీద గళ్ల చీర ఆరేసి ఉంది. తీసేయమని చెప్పడానికి పోయి, చెప్పలేక వచ్చాను.