టేపు చివర తడి

గోపాలపట్నం,
11-5-1983.

నీటిమట్టాల పరిశీలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా పెరటి నూతికి తమరు వేయించిన తాళం ఒక్క పూట తీయించుట గురించి, మరియు నేను దొంగచాటుగా నీళ్ళు తోడుచున్నానని తమరు పంపిన నోటీసుకు జవాబు.

పోర్టులో గుమస్తాగా పనిచేసి రిటైరైన నీలకంఠం వ్రాసుకొను విన్నపము.

1. రెండేళ్ళ క్రితం తమ సిబ్బంది మా నూతిని పరిశీలనకు ఎన్నుకొని, ఎవరైనా తోడితే లెక్క తప్పునని చెప్పి, ఇనుప మూత బిగించి తాళం వేసినారు. మూతకు మట్టం కొలిచే టేపు పట్టేంత కన్నం మాత్రం ఉంచినారు. తాళంచెవి తమ ఆఫీసులో ఉన్నది. ఇన్ని నూతులుండగా మాదే ఎందుకన్నది నాకు తెలియును. వాళ్ళను వెంటబెట్టుకొచ్చి చూపించినది ఎదురింటి సన్యాసిరాజు. ఆయన నూతికి మోటారు ఉన్నది మరి. అడగబోతే నవ్వినాడు.

"ఏటి బావా, నీ నుయ్యి గవర్నమెంటు రికార్డుకెక్కిపోనాది. నానైతే ఊరంతా సెప్పుకుందును."

2. తోడేవారు లేరు గనుక మా నూతిలో నీటిమట్టం తగ్గలేదు. తగ్గలేదు గనుక ఇక్కడ నీటికి కొరత లేదని తమరు పైకి వ్రాసినారు. కొరత లేదు గనుక నీళ్ళ లారీ మానిపించినారు. ఈ తర్కంలో తప్పు పట్టుటకు నా చదువు చాలలేదు. భూమి మీద మంచినీరు బహు స్వల్పమనీ, అందులోనూ అధికభాగం ధ్రువాల దగ్గర మంచుగా గడ్డకట్టి ఉన్నదనీ చదివినాను. మిగిలినదాని తాళంచెవి ఏ బీరువాలో ఉన్నదో ఏ పుస్తకంలోనూ లేదు.

3. లారీ మానేశాక నా భార్య రామలక్ష్మమ్మ రైలింజన్లకు నీళ్ళు పట్టే గొట్టం దగ్గరకు బిందె తీసుకుని వెళ్ళేది. నిరుడు వైశాఖంలో నిండు బిందెతో పట్టాలు దాటుతూ రాళ్ళమీద పడింది. తలకు దెబ్బ. తెచ్చి పెరటి అరుగుమీద పడుకోబెట్టినాము. ఆ సమయాన తమ ఉద్యోగి జగ్గయ్య నూతి దగ్గరే ఉన్నాడు. సుద్ద పూసిన టేపును కన్నంలోంచి దింపుతున్నాడు.

"మన నుయ్యి నీలు ఓ గుక్కెడు పొయ్యండి," అంది నా భార్య. "ఆ ఇంజను నీలు బొగ్గు కంపు."

జగ్గయ్య నా ముఖం చూడలేకపోయినాడు. "తాళంసెవి నా కాడ నేదు బాబూ. సారు కేంపుకెల్లిపోనారు. బీరువా తీసీవోలు నేరు."

టేపు పైకి వచ్చింది. చివర జానెడు తడి. ఆమె కళ్ళు దానిమీదే ఉన్నాయి. జగ్గయ్య అంకె చూసుకుని, అలవాటు చొప్పున ఆ తడిని గుడ్డతో తుడిచి, టేపు చుట్టేసినాడు.

చివరికి ఇంజను నీళ్ళే పోసినాము. మింగలేదు.

4. ఇప్పుడు నీటిమట్టం తగ్గుతున్నదట, దొంగను నేనట. తాళం చెక్కుచెదరలేదని జగ్గయ్యే వ్రాసియిచ్చినాడు. సన్యాసిరాజు మోటారు ఈ ఏడు కొత్తగా వేసిన కొబ్బరిమొక్కలకు పగలంతా తోడుతున్నది. భూమి లోపల నీటికి గోడలు లేవన్నది తమకు నేను చెప్పవలసిన సంగతి కాదు. జవాబు ఇంతటితో ఆపివేయవచ్చును. కాని కరెంటు పోయి ఆ మోటారు ఆగిన మధ్యాహ్నాల్లో మా నూతి గిలక తిరుగుతోంది. దానికి చేంతాడు లేదు, చేద లేదు. వెళ్ళి చూస్తే గట్టుమీద బిందె అడుగంత గుండ్రటి తడి. చూస్తుండగానే ఎండకు ఆరిపోతుంది. దీనిని ఏ పద్దు కింద వ్రాసుకుంటారో తమ ఇష్టం.

5. వచ్చే వైశాఖ శుద్ధ ద్వాదశి ఆమె సంవత్సరీకం. తిలోదకాలు ఆమె అడిగిన నీటితోనే వదలాలి. ఒక్క చేద చాలు. ఆ చేదెడు తమ లెక్కలో సవరించుకొనవచ్చును. ఆ పూటకు తాళం తీయించ ప్రార్థన.

మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకుని చిత్తగించవలెను.

తమ విధేయుడు కాక తప్పని,
నీలకంఠం

తా.క.: ఇది మడిచి కవరులో పెడుతుంటే గిలక చప్పుడు మొదలైంది. ఈసారి వెళ్ళి చూడలేదు. తాళం తీయడానికి వచ్చేది జగ్గయ్యైనా మరెవరైనా, సరాసరి పెరట్లోకి రావద్దని చెప్పండి. గుమ్మం దగ్గర ఆగి ఒకసారి దగ్గమనండి. లోపల ఆడమనిషి నీళ్ళు తోడుకుంటోంది.