ఓడ మీద వంటవాడు

మార్చి 4

ఆపరేషన్ అయింది. రెటీనా అతికించాం, లోపల గ్యాస్ పెట్టాం, అది కరిగేదాకా ఏమీ చెప్పలేం అంది డాక్టరమ్మ. చెల్లికి ఎడమ కన్ను పుట్టుకతోనే మసక. పదిహేనేళ్ళుగా కుడికన్నుతోనే చేతిగడియారాలు బాగుచేస్తోంది. ఇప్పుడా కుడికన్నే కట్టు కింద ఉంది. అయిదు రోజులు బోర్లా పడుకోవాలట. అది రెండు నిమిషాలు ఊరికే ఉండే మనిషి కాదు. నేను అంతకన్నా కాదు.

మార్చి 5

వార్డులోకి సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకే రానిస్తారు. మిగతా టైమంతా కారిడార్‌లో తిరుగుతుంటే నర్సు వచ్చి, నేల అరిగిపోతోందమ్మా, కాస్త కూర్చోండి అంది. కూర్చోవడం నాకు చేతకాదు. పద్దెనిమిదేళ్ళుగా బస్సు కండక్టర్ని.

చెల్లి దిండులోంచే మాట్లాడింది. కాలుగాలిన పిల్లిలా ఇక్కడ తిరిగి ఎవరి ప్రాణం తీస్తావే, పోయి ఊరు చూడు అంది. ఆపరేషన్ ఈ ఊళ్ళోనే అని తెలిసిన రోజే అది లిస్ట్ రాసుకుంది. ఓడల మ్యూజియం, గడియారాల గది, పాత లైట్‌హౌస్, బొమ్మల గ్యాలరీ. నా బదులు నువ్వు చూసి రోజూ వచ్చి చెప్పు అని ఒట్టు వేయించుకుంది.

మార్చి 6, మధ్యాహ్నం 12

ఓడల మ్యూజియం అయిపోయింది. ఇరవై నిమిషాలు. రైట్, రైట్.

సాయంత్రం 5:30

ఏం చూశావే అంది. ఓడలు అన్నాను. ఎలాంటివి అంది. పెద్దవి అన్నాను. అది ముఖం దిండులోకి ఇంకా దూర్చుకుంది. నాకు దాని మెడ వెనక వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఏడుస్తోందేమోనని భయమేసింది. నోటికొచ్చింది చెప్పేశాను. మొదటి హాల్లో గాజుపెట్టెలో ధాన్యం ఓడ నమూనా ఉంది, దాని మీద వేలంత మనుషులున్నారు, ఒక వంటవాడు గరిటె ఎత్తి పిల్లిని తరుముతున్నాడు అన్నాను. ఓడ ఉంది. మనుషులున్నారు. వంటవాణ్ణీ పిల్లినీ నేనే పుట్టించాను.

దిండులో ముఖం పెట్టుకునే పకపకా నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు.

మార్చి 8

ఒక అబద్ధానికి తోడు పది కావాలి. వంటవాడికి టోపీ వచ్చింది, బొజ్జ వచ్చింది. పిల్లి నోట్లోకి దొంగిలించిన చేప వచ్చింది. కట్టు విప్పగానే ముందు వాణ్ణే చూడాలట. గడియారాల గది కూడా ఆ తర్వాతేనట. నా ఖర్మ.

పొద్దున మళ్ళీ ఆ హాల్‌కి పోయాను, ఎవడో ఒకడు వంటవాడిలా కనిపించకపోతాడా అని. బస్సులో తలలు లెక్కపెట్టినట్టు రెండుసార్లు లెక్కపెట్టాను. పదకొండు మంది. ఒకడు తాడు లాగుతున్నాడు. ఒకడు చుక్కాని పట్టుకున్నాడు. మూలనున్నవాడికి ఎడమ కాలికి చెప్పు లేదు. గరిటె ఎవరి చేతిలోనూ లేదు. మీసాల గార్డు వచ్చి, అరగంట నుంచి చూస్తున్నాను, ఏం పోయిందమ్మా అన్నాడు. అరగంటా! నేను ఒకచోట అరగంట నిలబడ్డానంటే మా డ్రైవర్ చచ్చినా నమ్మడు.

ఈ లెక్కలేవీ చెల్లికి చెప్పలేదు. చెబితే వంటవాడి సంగతి బయటపడుతుంది.

మార్చి 9

దొరికిపోతానని భయం. దానికి చూపు రాక, నేను అసలు దొరక్కపోతే ఎలా అని అంతకన్నా భయం.

మార్చి 10

గడియారాల గదిలో ఒక్కో గడియారం ఒక్కో టైం చూపిస్తోంది. చెల్లికి చెబితే, నాకు కన్ను రానీ, వాటి సంగతి చూస్తాను అంది. బొమ్మల గ్యాలరీకి కూడా పోయాను. ఒక్క బొమ్మా గుర్తులేదు.

మార్చి 11

కట్టు విప్పారు. డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్ని అంది. చెల్లి రెండు అంది. చూపించింది నాలుగు. గ్యాస్ ఇంకా ఉంది, నీళ్ళలోంచి చూసినట్టుంటుంది, రెండు మూడు వారాలు ఆగండి అంది డాక్టరమ్మ. ఊరి నుంచి వాళ్ళాయన ఫోన్ చేస్తే, చూపు బ్రహ్మాండంగా ఉందని చెల్లి చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మార్చి 14

వద్దంటే వినలేదు. ఆస్పత్రి నుంచి పంపేశాక దిగిన లాడ్జి నుంచి చెయ్యి పట్టుకుని మ్యూజియంకి తీసుకెళ్ళాను. సరస్సు రేవులో ఓడ కూత వేస్తే, ఓడ ఒకవైపుంటే ఇది ఇంకోవైపు చూస్తూ నవ్వింది. గాజుపెట్టె ముందు నిలబెట్టాను. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా అదే, అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాడే వంటవాడు, బొజ్జ కూడా నువ్వు చెప్పినట్టే ఉంది అంది.

దానికేమీ కనిపించడం లేదు. నేను బాధపడతానని అలా అంటోంది. అవునే అన్నాను. ఇంకేమనను?

మార్చి 19

లైట్‌హౌస్‌కి నూట నలభై మెట్లు. చెల్లి పడుకున్నప్పుడు ఒక్కదాన్నే ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. సరస్సు అంటారు గానీ అవతలి ఒడ్డే కనిపించదు. దేవుడా, నా అబద్ధాన్ని అది దాని కంటితోనే పట్టుకోవాలి. తిట్టినా పడతాను.

మార్చి 23

చెల్లికి చూపులో పైనంతా తేటపడిందట. కింద గ్యాస్ బుడగ ఒకటి ఊగుతోందట. నిజమో, నా కోసమో. అడగలేదు.

ఏప్రిల్ 2

తనే పద పద అని ఓడల మ్యూజియంకి లాక్కెళ్ళింది. గాజుకి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. పెదవులు కదులుతున్నాయి.

పదకొండు మంది అంది. ఆ మూలవాడికి ఎడమ చెప్పు లేదేమే అంది. తర్వాత నా వైపు తిరిగి, టికెట్ లేకుండా ఎక్కించావే ఆ వంటవాణ్ణి, ఎక్కడ దించేశావే అక్కా అంది.

దొరికిపోయాను.