ఎనిమిదో కంచం

వచ్చేది ఏడుగురే కదక్కా అని మళ్ళీ దెప్పుతావని తెలుసు, అయినా ఎనిమిది కంచాలు పెట్టు చెల్లీ. ఎనిమిదోదాంట్లోనూ వడ్డించు. నన్ను ఆసుపత్రిలో డ్యూటీకి రమ్మన్నారు, రెండింటికల్లా వచ్చేస్తాను. కూరలు వేడి చెయ్యి.

పోయినేడు పండక్కి ఎవరూ కూర్చోకపోయినా ఆ ఎనిమిదో కంచంలో సగం అన్నం తినేసి ఉంది. కరివేపాకు ఏరి అంచున వరసగా పేర్చి ఉంది, అచ్చం అమ్మ పేర్చినట్టే. "నువ్వే తిని మర్చిపోయావక్కా" అని నవ్వావు. నేనేనేమోనన్న అనుమానం ఏడాదిగా వదల్లేదు. అమ్మ పోయినప్పుడు ఈ పరాయి దేశం నుంచి మనం కదల్లేకపోయాం. తనే వెతుక్కుంటూ వచ్చిందనుకోవాలని నాకుంది.

ఈసారి దేన్లోనూ కరివేపాకు వెయ్యలేదు. ఇంట్లో మిగిలిన రెండు రెబ్బలూ నా సంచిలో వేసుకుని వెళ్తున్నాను. అయినా ఆ కంచం అంచున కరివేపాకు కనిపిస్తే, నేను వచ్చేదాకా కడగకు.