రెండు పచ్చసొనలు

నాన్నకు,

నీ పెద్దకూతురు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, మన పిడుగు చెల్లి బాగున్నారు. నీ గుండె పేచీ పెట్టకుండా ఉందనుకుంటున్నాను. నా తెలుగు చూసి నవ్వకు. ఒత్తులతో నాకింకా పడటం లేదు.

నిన్ను క్రేన్ మీంచి దించి స్టోర్‌రూమ్‌లో కూర్చోబెట్టారని రాశావు. బోల్టులకు కాపలా ఉద్యోగం, గుండెకు మంచిదే అన్నావు. అమ్మ అది చదివి నవ్వింది. తర్వాత కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

నువ్వడిగిన వాటికి జవాబులు. కిటికీ రెక్క బాగు చేయించాం. లెక్కల్లో ఎలాగో గట్టెక్కాను. చెల్లి పరుగు పందేలు మానేసింది. పరిగెత్తొచ్చని డాక్టర్ గారు చెప్పినా అమ్మే వినలేదు. ఇప్పుడు పిడుగు గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని మిగతా పిల్లలకు టైమ్ చెప్తోంది. సోమవారం దానికి రక్తం తీసి, మాత్రలు మొదలుపెడతారట.

ఫోటోలో చూసి, ఇంట్లో కూడా సాక్సులెందుకని అడిగావు. చెప్తాను. ముందు గుడ్ల సంగతి.

రోజూ పొద్దున పిడుగు తన గుడ్డులో పచ్చసొన తీసి నా ప్లేట్‌లో పెడుతుంది. "నీకేం లేదుగా అక్కా, నా కొవ్వు కూడా నువ్వే మొయ్యి" అంటుంది. వద్దంటే అమ్మ ఎందుకని అడుగుతుందని రెండూ తింటాను. గొంతు దిగవు నాన్నా. నీళ్లతో మింగుతాను.

గత ఉత్తరంలో దానికి విడిగా చీటీ పెట్టావు, నా జబ్బు నీకు అంటగట్టాను, క్షమించు తల్లీ అని. అది దాన్ని పుస్తకంలో దాచుకుంది. ఆ చీటీ దానిది కాదు. నాది.

నువ్వు సెలవు అయిపోయి మళ్లీ పనికి వెళ్లిపోయాక ల్యాబ్ నుంచి ఒకావిడ వచ్చింది. మీ నాన్న పరీక్షలో తేలింది, మీ ఇంట్లో ఒక జీన్ మారిపోయి ఉంది, దానివల్లే చిన్నప్పటినుంచీ కొలెస్ట్రాల్ పేరుకుంటుంది, పిల్లల్లో ఎవరికైనా రావొచ్చు అని చెప్పింది. మా ఇద్దరి బుగ్గల లోపల దూది పుల్లతో తుడిచి గొట్టాల్లో పెట్టింది. ఆవిడ పేర్లు రాయబోతే అమ్మ ఆపింది. "మా పెద్దది ఇంగ్లీష్ మీడియమండీ, గుండ్రంగా రాస్తుంది. దానికివ్వండి."

గుండ్రంగానే రాశాను. నా గొట్టం మీద పిడుగు పేరు, దాని గొట్టం మీద నా పేరు.

అప్పటికే నా మడమల వెనక, అచ్చం నీకున్నట్టే, గట్టి బొడిపెలు వచ్చాయి. బాబాయికీ ఉండేవి. ఆయన ముప్పై నాలుగేళ్లకే గుండె ఆగి పోయాడు. రిపోర్ట్‌లో నా పేరు లేకపోతే నాకు రానట్టే అనిపించింది. అది చిన్నది, భయపడటం దానికేం తెలుసులే అనుకున్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ అలాగే అనుకున్నాను.

మొన్న జడ వేస్తుంటే పిడుగు అడిగింది. "అక్కా, నేను బాబాయిలా అయిపోతానా?"

కదలకు, పాపిడి వంకరపోతుంది అన్నాను. అంతే అన్నాను.

ఇన్నాళ్లూ ఫోన్‌లో చెప్పలేకపోయాను, అమ్మ పక్కనే ఉండేది. నా ప్రతి ఉత్తరం అడుగునా తను రెండు మాటలు రాస్తుంది కదా. ఎప్పుడూ పైభాగం మడిచి, చెయ్యి అడ్డం పెట్టి రాయిస్తాను. ఈసారి మడవకుండా ఇస్తాను. తను చదువుతున్నంతసేపూ సాక్సులు విప్పి ఎదురుగా నిలబడతాను. సోమవారం సూదికి నేను చెయ్యి చాపుతాను.

కింద అమ్మ ఏం రాసిందో చదివాక నన్ను తిట్టు.

ఇట్లు,
మడమల్లో నీ పోలిక వచ్చిన
నీ పెద్దది